ఈసారి నువ్వు కుక్క

రాజధాని నుంచి పడవలో వచ్చింది ఆ అట్ట.
పసుపుపచ్చ ముఖాలు ఆరు, వరసగా:
సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం,
ఆరోది ఏమిటో, అచ్చు సరిగా పడలేదు.
ఇవాళ నీ ముఖం ఏదో వేలు పెట్టి చూపించు, అనాలట నేను.

ఉల్లోరియాక్ వేలు పెట్టలేదు.
పక్కనున్న పిల్ల చెయ్యి కొరికాడు.

ఆ వారంలో అది మూడోసారి.
పనింగువాక్ చేతి మీద ఒకటి,
నా మోకాలి మీద ఒకటి, చిన్న చిన్న పంటిగాట్లు.
వాడికి నాలుగేళ్ళు. తాసీలాక్‌లో అందరికీ తెలుసు,
వాళ్ళ నాన్న ముసలి కుక్కను కొండ వెనక్కి తీసుకెళ్ళాడని,
తుపాకితో వెళ్ళి ఖాళీ పగ్గంతో తిరిగొచ్చాడని.
ఇక్కడ అది తప్పు కాదు.
పళ్ళూడిన కుక్క బండి లాగలేదు, తిండి దండగ.
పెద్దవాళ్ళకి అదొక లెక్క.
వాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు,
చెప్పేదేముందిలే అనుకున్నారు.

అట్టను గోడవైపు తిప్పేశాను.
దీపపు మసి, సీలు కొవ్వు కలిపి రంగు చేశాను,
మా నాయనమ్మ చేసినట్టే.
ఆవిడ మొహమంతా మసి పులుముకుని
బుగ్గల్లో పుల్లలు దోపుకుని మా మీదికి దూకేది.
మేం కెవ్వున అరిచి, బల్ల కింద దూరి,
మెల్లిగా తలలు బయటపెట్టి
ఇంకోసారి, ఇంకోసారి అనేవాళ్ళం.
మంచు మీద తెల్ల ఎలుగు ఎదురైన రోజు
నీ కాళ్ళు నీ మాట వినాలంటే
ముందు ఇంట్లో భయపడి అలవాటు చేసుకోవాలే, అనేది.

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు పూసుకున్నారు.
ఒకడు పళ్ళకీ రాసుకుని ఉమ్మేశాడు.
గది నిండా దయ్యాలు, కిలకిలలు.
ఉల్లోరియాక్ ముక్కుకి మాత్రం మసి రాసుకుని
నాలుగు కాళ్ళ మీద నా దగ్గరికొచ్చాడు.
"నేను కుక్క," అన్నాడు. "నువ్వు నాన్నవి."
మూలనున్న చీపురుకర్ర ఈడ్చుకొచ్చి నా చేతికిచ్చాడు.

ఏ శిక్షణలోనూ నాకిది నేర్పలేదు.
వద్దు బంగారం, ఇంకేదైనా ఆడదాం
అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
"కాల్చు," అన్నాడు.

ఢాం అన్నాను, గుసగుసగా.
"గట్టిగా."
ఢాం!
పడిపోయాడు. నాలుక బయటపెట్టి, కళ్ళు మూసుకుని,
చాలాసేపు. మిగతా పిల్లలు ఆట ఆపి చూశారు.
లేచాడు. "మళ్ళీ."

ఏడుసార్లు చచ్చిపోయాడు ఆ పొద్దున.
ఐదోసారి పడ్డాక ఏడ్చాడు,
ముక్కు మీది మసి గడ్డం దాకా కారింది.
ఆరోసారి ఏడుస్తూనే పడ్డాడు.
ఏడోసారి పడుతూ పడుతూ నవ్వాడు,
ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

అప్పుడు కర్ర లాక్కున్నాడు.
"ఈసారి నువ్వు కుక్క."

చాప మీద వంగాను. మోకాళ్ళు టకటకమన్నాయి.
ఒక కన్ను మూసి నా మీద గురిపెట్టాడు.
కిటికీ బయట నిజం కుక్కలు
ఆకలికి ఊళ వేస్తున్నాయి.
నాకు నిజంగానే భయమేసింది, నాలుగేళ్ళ పిల్లాడన్నా,
చీపురుకర్రన్నా.

కర్ర దించాడు.
జేబులోంచి ఎండుచేప తీశాడు, సగం కొరికి
బుగ్గన పెట్టుకుని బాగా నమిలాడు,
ఆ ముద్ద అరచేతిలోకి తీసి నా నోటి దగ్గర పెట్టాడు.
"తిను," అన్నాడు. "నీకు పళ్ళు లేవు కదా."

తిన్నాను.

మర్నాటితో అంతా చక్కబడిందని చెప్పను.
మళ్ళీ కోపమొచ్చింది వాడికి, ఎర్ర బకెట్టు కోసం.
కానీ ఈసారి నోరు తెరిచి, ఒక క్షణం ఆగి,
"నేనిప్పుడు కొరుకుతా," అని ముందే చెప్పాడు.
పనింగువాక్ చెయ్యి వెనక్కి తీసుకుంది.